కాక్‌పిట్‌లో కాదు.. కన్సోల్ ముందు!

విశాఖపట్నంలో విమానం ఎక్కేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టికెట్ ఏదో ప్రైవేటు ఎయిర్‌లైన్‌ది. టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. కానీ 'ఇక ఎగరొచ్చు' అని పైలట్‌కి చెప్పే గొంతు మాత్రం నౌకాదళానిది. ఆ రన్‌వే ఐఎన్ఎస్ డేగ అనే నౌకాదళ వైమానిక కేంద్రంలో భాగం కాబట్టి అక్కడి టవర్‌లో కూర్చునేది యూనిఫాం వేసుకున్న అధికారి. పుణె, శ్రీనగర్, చండీగఢ్, బాగ్‌డోగ్రా, లేహ్‌లలో ఆ గొంతు వాయుసేనది. గోవా దబోలింలో మళ్లీ నౌకాదళానిదే.

డిఫెన్స్ ఉద్యోగం అనగానే మన కాలేజీల్లో రెండే బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి ఫైటర్ పైలట్, రెండోది సరిహద్దులో తుపాకీ పట్టుకున్న జవాను. కళ్లజోడు ఉందనో, ఎత్తు చాలదనో పైలట్ ఆశ వదిలేసుకున్నవాళ్లు అక్కడితో ఆ ఫోల్డర్ మూసేసి క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ వైపు వెళ్లిపోతారు. ఆ ఫైటర్ పైలట్ చెవిలో వినపడే గొంతు ఎవరిదో, అక్కడికి ఎలా చేరాలో ఎవరూ అడగరు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఒక తేడా అర్థం చేసుకోండి. మిలిటరీలో గాల్లో ఉన్న విమానాలతో మాట్లాడే అధికారులు రెండు రకాలు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పని విమానాలను ఒకదానికొకటి దూరంగా ఉంచడం. ఫైటర్ కంట్రోలర్ పని సరిగ్గా దానికి ఉల్టా. మన విమానాన్ని శత్రు విమానం దగ్గరికి, అదీ మనకు అనుకూలమైన వైపు నుంచి తీసుకెళ్లాలి. తెర ఇంచుమించు ఒకేలా ఉంటుంది, రేడియో ఒకేలా ఉంటుంది. బుర్ర మాత్రం వేరేగా పనిచేయాలి.

టవర్‌లో ఏం జరుగుతుంది?

హైదరాబాద్ శివార్లలో ఉండేవాళ్లకు దుండిగల్, హకీంపేట వైపు రోజంతా వినిపించే విమానాల మోత అలవాటే. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ ట్రైనర్లు, హకీంపేటలో జెట్ శిక్షణ, కాస్త అవతల కర్ణాటకలోని బీదర్‌లో హాక్ జెట్లు. వాటిని నడిపేవాళ్లలో సగం మంది ఇంకా నేర్చుకునేవాళ్లే. సివిల్ ఎయిర్‌పోర్టులో కంట్రోలర్ మాట్లాడేది వేల గంటలు ఎగిరిన పైలట్లతో. ఇక్కడ మాత్రం మొన్ననే తొలిసారి ఒంటరిగా ఎగిరిన ఇరవై రెండేళ్ల కుర్రాడితో మాట్లాడాల్సి రావచ్చు. ఒకే రన్‌వే చుట్టూ నలుగురైదుగురు తిరుగుతుంటారు. ఒకరు కింద టైరు తాకించి మళ్లీ లేస్తారు, ఇంకొకరు ఇంజిన్ ఆగిపోయినట్టు ప్రాక్టీస్ చేస్తూ దిగుతుంటారు. మధ్యలో రన్‌వే మీదికి పక్షుల గుంపు. వీటన్నిటినీ ఒక గొంతు వరసలో పెట్టాలి.

ఫైటర్ స్థావరాల్లో సమస్య ఇంకో రకం. ఫైటర్‌లో ఇంధనం ప్రయాణికుల విమానంలో ఉన్నంత ఉండదు. 'ఇంకో ఇరవై నిమిషాలు గాల్లో తిరుగుతూ ఉండు' అని చెప్పే సౌకర్యం చాలాసార్లు ఉండదు. నాలుగు విమానాలు ఒకేసారి తిరిగొస్తాయి, నాలుగింటికీ దిగాలనే ఉంటుంది. పైగా అక్కడే ఒక ఇండిగో విమానం తలుపులు మూసుకుని టేకాఫ్‌కి అనుమతి కోసం చూస్తుంటుంది.

నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించేది ప్రిసిషన్ అప్రోచ్ రాడార్. పొగమంచులో రన్‌వే కనపడదు. కంట్రోలర్ ముందు రెండు చిత్రాలు ఉంటాయి. ఒకటి పక్కనుంచి చూసినట్టు విమానం ఎత్తు చూపిస్తుంది, రెండోది పైనుంచి చూసినట్టు అది రన్‌వే మధ్యగీతకు ఎటు ఉందో చూపిస్తుంది. చివరి దశ మొదలవగానే కంట్రోలర్ ఒక మాట చెబుతారు: ఇకమీదట నా మాటలకు జవాబు ఇవ్వక్కర్లేదు. అప్పటినుంచి రేడియోలో ఒకే గొంతు. 'ఆన్ గ్లైడ్ పాత్', 'స్లైట్‌లీ లెఫ్ట్ ఆఫ్ సెంటర్‌లైన్', 'టర్న్ రైట్ టూ డిగ్రీస్'. ఆపకుండా, తడబడకుండా, ఒకే స్వరంలో. ఐదు సెకన్లపాటు గొంతు వినపడకపోతే పైలట్ దిగే ప్రయత్నం మానుకుని పైకి లేచిపోవాలి. ఐదు సెకన్లు! మనం ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే నోరు విప్పడానికే అంతకన్నా ఎక్కువ తీసుకుంటాం.

ఐఎల్ఎస్‌లాంటి ఆటోమేటిక్ పరికరాలు వచ్చాయి కదా, ఇంకా మనిషి గొంతు ఎందుకు అని టెక్ బ్లాగర్‌గా నాకూ అనిపించింది. జవాబు సింపుల్. ఐఎల్ఎస్‌తో దిగాలంటే విమానంలో కూడా దాని రిసీవర్ ఉండాలి, అది పనిచేస్తుండాలి. దెబ్బతిన్న విమానంలో సగం పరికరాలు పోయినా, రేడియో ఒక్కటి పనిచేస్తే చాలు, ఈ పద్ధతిలో దించొచ్చు. యుద్ధానికి తయారయ్యేవాళ్లు ఇలాంటి పాత పద్ధతులను అంత తేలిగ్గా వదలరు.

చీకటి గదిలో చదరంగం

ఇప్పుడు ఫైటర్ కంట్రోలర్ దగ్గరికి వద్దాం. ఒక చిన్న లెక్క వేయండి. గంటకు 900 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 15 కిలోమీటర్లు. ఎదురెదురుగా వస్తున్న రెండు విమానాల మధ్య దూరం నిమిషానికి 30 కిలోమీటర్ల చొప్పున తగ్గిపోతుంది. 60 కిలోమీటర్ల దూరంలో చూశారంటే మీ చేతిలో ఉన్నది రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో వచ్చేది ఎవరో తేల్చుకోవాలి, ఎన్ని ఉన్నాయో చూడాలి, మన పైలట్‌ని ఏ దిశకు, ఏ ఎత్తుకు పంపాలో నిర్ణయించి నోటితో చెప్పాలి. పైలట్ తన ముందున్న కోన్ ఆకారపు ముక్కను మాత్రమే చూడగలడు. మొత్తం బొమ్మ చూసేది కింద కూర్చున్న మీరే.

దీనికి మన చరిత్రలో మంచి ఉదాహరణ 1971 నవంబర్ 22. అప్పటికి యుద్ధం అధికారికంగా మొదలవలేదు. తూర్పు సరిహద్దులో బోయ్రా దగ్గర మన సైన్యం మీద దాడికి పాకిస్తాన్ సేబర్ జెట్లు వస్తున్నాయి. ఉదయం వచ్చినప్పుడు మన నాట్ విమానాలు చేరేలోపే అవి వెళ్లిపోయాయి. మధ్యాహ్నం మళ్లీ వచ్చాయి. ఈసారి కోల్‌కతా డమ్‌డమ్ నుంచి 22 స్క్వాడ్రన్‌కు చెందిన నాలుగు నాట్‌లు లేచాయి. రాడార్ ముందు కూర్చుని వాటికి దారి చెప్పింది ఫ్లయింగ్ ఆఫీసర్ కె.బి. బాగ్చీ. వాటిని సరిగ్గా చోటుకు, సరిగ్గా సమయానికి చేర్చారు. రెండు సేబర్లు కూలిపోయాయి, మూడోది దెబ్బతింది. పారాషూట్‌తో దూకి పట్టుబడిన ఇద్దరు పాకిస్తానీ పైలట్లలో ఒకరు పర్వేజ్ మెహదీ ఖురేషీ. తర్వాత 1997లో ఆయనే పాకిస్తాన్ వాయుసేన అధిపతి అయ్యారు. ఈ పోరాటం గురించి రాసినప్పుడల్లా నలుగురు పైలట్ల పేర్లు ముందు వస్తాయి. రావాల్సిందే. బాగ్చీ పేరు మాత్రం వెతికితేగానీ దొరకదు. మీరు ఈ ఉద్యోగంలోకి వెళ్లాలనుకుంటే ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. ఫొటోలో మీరు ఉండరు.

అయితే ఒక్కోసారి ఉంటారు. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి, మర్నాడు పాకిస్తాన్ ఎదురుదాడి మీకు గుర్తుండే ఉంటాయి. 27వ తేదీ ఉదయం అవతలి నుంచి పెద్ద సంఖ్యలో విమానాలు మన వైపు రావడం రాడార్ తెరల మీద కనిపించింది. ఆ సమయంలో మన ఫైటర్లను నడిపించిన కంట్రోలర్ స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్. అభినందన్ వర్ధమాన్ నడిపిన మిగ్-21 కూడా ఆమె సూచనలతో వెళ్లినదే. ఆ ఏడాది స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఆమెకు యుద్ధ సేవా పతకం ప్రకటించారు. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమె. వెనక్కి తిరగమని కింది నుంచి చెప్పిన మాట అభినందన్‌కు చేరకుండా రేడియో జామ్ అయిందని అప్పట్లో పత్రికల్లో కథనాలు వచ్చాయి. తెర మీద ప్రమాదం కనిపిస్తుంటుంది, మీరు చెబుతుంటారు, అవతలివాళ్లకు వినపడదు. ఈ ఉద్యోగంలో అంతకన్నా పెద్ద భయం ఏముంటుందో నాకు తోచడం లేదు.

అదే ఉదయం బుడ్గాంలో..

ఆ రోజు గురించి సగమే చెప్పి వదిలేస్తే అది మోటివేషనల్ వీడియో అవుతుంది. మిగతా సగం కూడా చెప్పాలి.

అదే ఫిబ్రవరి 27 ఉదయం, అదే కశ్మీర్ ఆకాశంలో, శ్రీనగర్ నుంచి లేచిన మన ఎంఐ-17 హెలికాప్టర్ ఒకటి బుడ్గాం దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. విచారణ జరిగింది. దాన్ని కూల్చింది మన క్షిపణే అని తేలింది. ఆ అక్టోబర్‌లో అప్పటి వాయుసేన అధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా అది తమ పెద్ద పొరపాటని బహిరంగంగా ఒప్పుకున్నారు.

క్షిపణి నొక్కింది ఫైటర్ కంట్రోలర్ కాదు. కానీ భూమ్మీద కూర్చుని ఆకాశాన్ని చదివే ప్రతి ఒక్కరి ముందూ ఉండే ప్రశ్న ఒకటే: తెర మీద కదిలే ఈ చుక్క ఎవరిది? విమానంలో ఐఎఫ్ఎఫ్ అనే పరికరం ఉంటుంది. కింది నుంచి సంకేతం పంపితే 'నేను మీవాడినే' అని కోడ్‌లో బదులిస్తుంది. బదులు రాకపోతే అది శత్రువే అని అర్థం కాదు. పరికరం ఆపేసి ఉండొచ్చు, చెడిపోయి ఉండొచ్చు, కొండ అడ్డం వచ్చి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో మనం నల్, ఫాల్స్ రెండూ ఒకటి కాదని నేర్చుకుంటాం కదా, ఇక్కడ ఆ తేడా ఏడు ప్రాణాలు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగినదీ కాదు. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ మీద రెండు అమెరికన్ ఎఫ్-15లు తమ దేశానివే అయిన రెండు బ్లాక్‌హాక్ హెలికాప్టర్లను కూల్చేశాయి. 26 మంది చనిపోయారు. ఆ ప్రాంతాన్ని పైనుంచి గమనిస్తున్న అవాక్స్ విమానంలో కంట్రోలర్లు ఉన్నారు, రాడార్లు పనిచేస్తున్నాయి. ఆ తర్వాత అందులోని ఒక అధికారి కోర్టు మార్షల్ దాకా వెళ్లి నిర్దోషిగా బయటికి వచ్చారు. టెక్నాలజీ ఉండటం వేరు, తెర మీద ఉన్నదాన్ని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పడం వేరు.

కాబట్టి ఇంట్లో 'ఫ్యాన్ కింద కూర్చుని చేసే ఆఫీసర్ ఉద్యోగం' అని చెప్పి ఒప్పించే ఆలోచన ఉంటే, అమ్మానాన్నలకు ఈ పేజీ కూడా చూపించండి.

ఇంగ్లిష్ రాదే ఎలా?

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల మొదటి భయం ఇదే. కొంత ఊరట, కొంత హెచ్చరిక, రెండూ ఉన్నాయి.

ఊరట ఏంటంటే రేడియో ఇంగ్లిష్ అనేది మనం సినిమాల్లో వినే ఇంగ్లిష్ కాదు. అది చాలా చిన్న భాష. అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ. తొమ్మిదిని 'నైనర్' అంటారు, వేరే మాటతో కలిసిపోకుండా. ఫైటర్ల వైపు ఎత్తును 'ఏంజెల్స్' అంటారు, ఏంజెల్స్ ఇరవై అంటే ఇరవై వేల అడుగులు. ఎవరో తేలని విమానం 'బోగీ', శత్రువని తేలితే 'బాండిట్'. వెనక్కి తిరిగి దూరంగా వెళ్లమనడానికి 'కోల్డ్'. అంతా కలిపి రెండు మూడు వందల మాటలు, వాటి వరస కూడా ముందే నిర్ణయించి ఉంటుంది. యాస ఎలా ఉన్నా పట్టించుకోరు. మాట స్పష్టంగా, ప్రతిసారీ ఒకేలా రావాలి.

హెచ్చరిక ఏంటంటే ఆ చిన్న భాషలో తప్పుకి చోటు లేదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానానికి 14,000 అడుగులు, కజక్ విమానానికి 15,000 అడుగులు కేటాయించారు. కజక్ విమానం ఆ ఎత్తు దాటి కిందికి వచ్చేసింది. పైలట్లకు ఇంగ్లిష్‌లో వచ్చిన సూచనలు సరిగా అర్థం కాకపోవడం మీద విచారణలో చాలా చర్చ జరిగింది. అక్కడ మనకు సంబంధించిన ఇంకో కోణం ఉంది. అప్పట్లో ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వాయుసేన చేతిలో ఉండటంతో వచ్చే విమానాలు, పోయే విమానాలు ఒకే దారిలో తిరిగేవి. ఆ ప్రమాదం తర్వాత దారులు వేరు చేశారు. విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు. మిలిటరీ ఏటీసీ, సివిల్ ఏటీసీ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆకాశాన్ని పంచుకోవడం ఎంత ముఖ్యమో అప్పటి నుంచి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి. ఒక చెవిలో ఇద్దరు పైలట్లు, పక్కన ల్యాండ్‌లైన్, కళ్ల ముందు పది చుక్కలు. వాటిలో ఒక్క నిమిషం తర్వాత ఏది ఎక్కడ ఉంటుందో మనసులో కనపడాలి. కంట్రోలర్లు దీన్నే 'పిక్చర్' అంటారు. పిక్చర్ పోయింది అంటే ఇక ఆ క్షణంలో మీరు పనికిరారు, పక్కవాళ్లకు అప్పగించాల్సిందే. పబ్జీ ఆడేవాళ్లు 'మాకు అది వచ్చు' అనుకోవచ్చు. గేమ్‌లో చనిపోతే మళ్లీ పుడతారు, అక్కడే పోలిక తెగిపోతుంది. కానీ మనసులోనే కోణాలు, దూరాలు లెక్కగట్టడం అలవాటు చేసుకోండి. చిన్న ఉదాహరణ: దిశ ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్లు వెళ్లాక మీరు సుమారు ఒక మైలు పక్కన ఉంటారు. మన పాలిటెక్నిక్ ట్రిగనామెట్రీయే. ఇలాంటివి కాగితం లేకుండా వచ్చేయాలి.

ఎలా చేరాలి? ఇక్కడే మెలిక

వాయుసేనలో 'ఫైటర్ కంట్రోలర్ కావలెను' అని నోటిఫికేషన్ రాదు. ఇది చాలామంది యూట్యూబ్ గురువులు చెప్పని విషయం. ఏఎఫ్‌క్యాట్ పరీక్ష రాసి గ్రౌండ్ డ్యూటీలో అడ్మినిస్ట్రేషన్ బ్రాంచ్‌కి ఎంపికవ్వాలి. ఆ బ్రాంచ్ అధికారుల్లోంచి కొందరిని ఏటీసీకి, కొందరిని ఫైటర్ కంట్రోల్‌కి తీసుకుంటారు. మిగతావాళ్లు అడ్మినిస్ట్రేషన్ పనిలోనే ఉంటారు. మీకు కావాల్సింది కన్సోల్ ఒక్కటే అయితే, అది దక్కకపోయే అవకాశం ఉందని తెలిసే దరఖాస్తు చేయండి.

అర్హత మాత్రం పెద్ద అడ్డంకి కాదు. ఏ డిగ్రీ అయినా 60 శాతం మార్కులు, వయసు 20 నుంచి 26 ఏళ్లు. బీటెక్ వాళ్లకు, బీకామ్ వాళ్లకు సమానంగా తెరిచి ఉంది. అమ్మాయిలకు, అబ్బాయిలకు తేడా లేదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, దరఖాస్తులు సాధారణంగా జూన్, డిసెంబర్ నెలల్లో. 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు. సరైన జవాబుకి 3, తప్పుకి మైనస్ 1. ఇంగ్లిష్, జనరల్ అవేర్‌నెస్, న్యూమరికల్ ఎబిలిటీ, రీజనింగ్ ఉంటాయి. బ్యాంక్ పరీక్షలకు చదివేవాళ్లకు ఇందులో పెద్దగా కొత్తదనం లేదు.

అసలు వడపోత ఆ తర్వాత. డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసిలాంటి చోట్ల ఉన్న సెలక్షన్ బోర్డుల్లో కొన్ని రోజులపాటు జరిగే ఇంటర్వ్యూ. మొదటిరోజే తెలివి పరీక్ష, ఒక బొమ్మ చూపించి కథ రాయించి దాని మీద గ్రూపులో మాట్లాడించే పరీక్ష ఉంటాయి. అక్కడే చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. నిలిచినవాళ్లకు సైకాలజీ పరీక్షలు, మైదానంలో గ్రూప్ టాస్క్‌లు, ఇంటర్వ్యూ. సికింద్రాబాద్ కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టిన కథలు అక్కడ పేలవు. పైలట్లకు పెట్టే ప్రత్యేక పరీక్ష గ్రౌండ్ డ్యూటీ వాళ్లకు ఉండదు. మెడికల్‌లో రంగులు గుర్తుపట్టే చూపు కూడా చూస్తారు, కాబట్టి దరఖాస్తుకి ముందే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ పరీక్ష చేయించుకోండి. ఏడాది చదివాక తెలుసుకోవడం కన్నా అది నయం.

ఎంపికైతే శిక్షణ మన దగ్గరే. దుండిగల్ అకాడమీ. గ్రౌండ్ డ్యూటీ నాన్ టెక్నికల్ వాళ్లకు 52 వారాలు. మొదట పరుగులు, డ్రిల్, క్రమశిక్షణ. ఇందులో మీరు ఏ బ్రాంచ్ అన్నది ఎవరూ చూడరు. కంట్రోలర్ పని నేర్పేది తర్వాత. ఫైటర్ కంట్రోల్‌కి లక్నో దగ్గర మెమౌరాలో ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఏటీసీ అధికారుల శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోదే. రెండింటిలోనూ పద్ధతి ఒకటే: ముందు క్లాస్‌రూమ్, తర్వాత సిమ్యులేటర్, ఆ తర్వాత పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా నిజమైన విమానాలు. ఒంటరిగా మైక్ అప్పగించేది చాలా ఆలస్యంగా. కొత్త చోటికి బదిలీ అయితే, అక్కడి రన్‌వే, అక్కడి కొండలు, అక్కడి ఆకాశం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

నౌకాదళం దారి దీనికన్నా సూటిగా ఉంటుంది. అక్కడ ఏటీసీ పేరుతోనే షార్ట్ సర్వీస్ కమిషన్ ఎంట్రీ ఉంది. ఏ బ్రాంచ్‌లో అయినా 60 శాతంతో బీఈ, బీటెక్. టెన్త్, ఇంటర్ మార్కుల మీద, ముఖ్యంగా ఇంగ్లిష్ మార్కుల మీద షరతులు ఉంటాయి. రాత పరీక్ష ఉండదు, డిగ్రీ మార్కులను బట్టి నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. నౌకాదళానికి విశాఖపట్నంలో కూడా సెలక్షన్ బోర్డు ఉంది. తొలి శిక్షణ కేరళలోని ఎళిమల నావల్ అకాడమీలో. మార్కులు బాగా ఉండి, పరీక్షలంటే విసుగు పుట్టిన ఇంజినీర్లు ముందు దీన్ని చూడాలన్నది నా సలహా.

జీతం, ఆ తర్వాత జీవితం

శిక్షణలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. ఫ్లయింగ్ ఆఫీసర్‌గా కమిషన్ అయ్యాక బేసిక్ 56,100 నుంచి మొదలవుతుంది, దానికి మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, ఇతర భత్యాలు కలుస్తాయి. ప్రారంభ జీతంలో చాలా క్యాంపస్ ఆఫర్ల కన్నా ఇది మెరుగే.

కానీ షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లు, ఆ తర్వాత పొడిగిస్తే మరో నాలుగేళ్లు. ఇరవై ఐదేళ్లకు చేరితే ముప్పై ఐదు, ముప్పై తొమ్మిదికి బయట ఉంటారు. పెన్షన్ ఉండదు. బయట సివిల్ ఏటీసీలో నేరుగా కూర్చోబెడతారు అనుకోకండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 27 ఏళ్లు, వాటికి వేరే పరీక్ష, వేరే శిక్షణ. జీవితాంతం కంట్రోలర్‌గానే ఉండాలి, సొంతూరికి దగ్గరగా ఉండాలి అనుకునేవాళ్లకు ఆ సివిల్ దారే మేలు. దానికి బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, లేదా ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండూ చదివిన ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి.

మిలిటరీ వైపు వెళ్లేవాళ్లు ఒప్పుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. రాత్రి షిఫ్టులు. ఊరికి దూరంగా, కొండ మీదో ఎడారిలోనో ఉండే రాడార్ యూనిట్లు. పండగలకు సెలవు దొరుకుతుందన్న గ్యారంటీ ఉండదు. ఇవాళ డ్యూటీలో ఏం జరిగిందో ఇంట్లో చెప్పడానికి వీల్లేని రోజులు. మరోవైపు, ఈ పని ఇప్పుడు గదికే పరిమితం కాదు. ఐఎల్-76 మీద అమర్చిన ఫాల్కన్, డీఆర్‌డీఓ తయారుచేసిన నేత్ర విమానాల్లో కంట్రోలర్లు గాల్లోనే కూర్చుని పనిచేస్తారు. పైలట్ కాలేకపోయినవాళ్లకు అక్కడ ఒక సీటు ఉందన్నమాట. కింద ఉన్న రాడార్లన్నిటినీ, సివిల్ రాడార్లతో సహా, ఒకే తెర మీదికి తెచ్చే ఐఏసీసీఎస్ వ్యవస్థను బెంగళూరు బీఈఎల్ తయారుచేసింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత జరిగిన బ్రీఫింగ్‌లలో దాని పేరు పదేపదే వినిపించింది.

ఇన్ని రాడార్లు కలిశాక కంట్రోలర్ పని తేలికైందా అంటే, తెర మీద చుక్కలు పెరిగాయి. వాటిలో డ్రోన్లు కూడా చేరాయి. 'ఇది ఎవరిది?' అన్న ప్రశ్న ఇంకా చిన్న వస్తువుల గురించి, ఇంకా తక్కువ సమయంలో అడగాల్సి వస్తోంది. ఏఐ ఈ ఉద్యోగాన్ని తినేస్తుందా అని నన్ను అడిగే జూనియర్లకు నేను చెప్పేది, చుక్కలను గుర్తుపట్టడంలో అది సాయం చేస్తుంది, రేపు ఇంకా బాగా చేస్తుంది. కాల్చమని చెప్పే మాటకు కింద సంతకం పెట్టేది మాత్రం ఇంకా మనిషే.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఈ నెలలోనే రెండు పనులు చేయొచ్చు. టెన్త్ నుంచి ఇప్పటిదాకా మార్కుల శాతాలు కాగితం మీద రాసుకుని, నౌకాదళ ఏటీసీ నోటిఫికేషన్ పక్కన పెట్టి చూసుకోండి. అర్హత ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. రెండోది, ఒక స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, టీవీలో వార్తలు పెట్టి, ఆ మాటలు వినిపిస్తుండగానే అతను చెప్పే ఆరంకెల నంబర్లను తిరిగి తప్పులేకుండా చెప్పండి. ఇరవై నిమిషాలపాటు. పదమూడో నిమిషం దగ్గర ఎలా ఉందో గమనించండి.